కొత్త ఆట – తెరుచుకోని ఖాతా

కొత్త ఆన్‌లైన్ ఆట విడుదలైన రోజున లాగిన్ కావడం లేదని పిల్లలు బెంగపడుతుంటారు. కారణమేమిటి? బరంపురం ఠాకురాణి జాతరలో జనమంతా ఒక్కసారే గుడి వాకిట చేరినట్టు, లక్షలమంది ఒకేసారి సర్వరు తలుపు తడతారు. కాసేపు ఆగితే దారి దొరుకుతుంది. తొందరపడితేనే చిక్కు.

2021 జూలైలో పబ్‌జీ స్థానంలో బి.జి.ఎం.ఐ. ఆట మన దేశంలో విడుదలైంది. అప్పుడు ఫోనుకు వచ్చే ఓటీపీ 5 నిమిషాలే చెల్లేది. 10 సార్లకు మించి అడిగితే 24 గంటలు ఆగవలసిందే. 18 ఏళ్ల లోపువారు తల్లిదండ్రుల ఫోను నంబరు ఇవ్వాలన్నది నిబంధన.

తల్లిదండ్రులారా! బ్యాంకు ఓటీపీ వచ్చేదీ ఆ ఫోనుకే కదా. "ఖాతా నేను తెరిపిస్తాను, ఓటీపీ చెప్పు" అనేవారికి పిల్లలు ఆ అంకెలు చెప్పకుండా చూడండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయండి. ఆట రేపైనా ఆడుకోవచ్చు.