నడుమదారిలోనున్న ఫైళ్లకు ఏ నియమము?

గృహఋణము కోరి బ్యాంకునకు వచ్చిన దరఖాస్తు, కాగితముల పరిశీలన ముగించుకొని, లీగల్ ఒపీనియన్ కొరకు న్యాయవాది యొద్దకును, వాల్యుయేషన్ కొరకు ఇంజనీరు యొద్దకును ఏకకాలమున పోయి, ఆ రెండు నివేదికలును చేరిన పిమ్మట మంజూరు చేయు అధికారి యెదుటికి వచ్చునట్లు ఒక పద్ధతి యేర్పడియున్నదనుకొందము. పూర్వమిట్టి పద్ధతిని సర్క్యులరుగా వ్రాసి గుమాస్తాలకు పంచెడివారు; నేడు దానినే కంప్యూటరు తెరపై బొమ్మగా గీచి, ఆ బొమ్మ చెప్పినట్లు ఫైళ్లను నడిపించు భారమును యంత్రమునకే అప్పగించు వర్క్‌ఫ్లో సాఫ్ట్‌వేర్లు వాడుకలోనికి వచ్చినవి. సర్క్యులరు మారినపుడు గుమాస్తా తన లోకజ్ఞానము చొప్పున పాత ఫైలునకొక తీరు, క్రొత్త ఫైలునకొక తీరు పాటించి సర్దుకొనెడివాడు. యంత్రమునకట్టి లోకజ్ఞానము లేదు గనుక, బొమ్మ మారిన క్షణమున నడుమదారిలోనున్న ఫైళ్ల గతి యేమి యను ప్రశ్నకు ముందుగానే సమాధానము చెప్పియుంచవలసి వచ్చినది.

పనిని బొమ్మగా గీచుట యిప్పటి వింత కాదు. 1921లోనే ఫ్రాంక్ గిల్‌బ్రెత్ అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘము నెదుట ప్రాసెస్ చార్టులను ప్రతిపాదించెను. అవి మనుష్యులు చూచి గ్రహించుటకు మాత్రమే యుద్దేశింపబడినవి. 2004లో వెలువడి, 2011లో రెండవ రూపము దాల్చి, 2013లో అంతర్జాతీయ ప్రమాణముగా అంగీకృతమైన బీపీఎంఎన్ అను చిత్రలిపి మాత్రము, మనుష్యుడు చదువుటకును యంత్రము నడుపుటకును ఒక్కటే బొమ్మ చాలునట్లు రూపొందినది.

ఈ లిపిలోని బొమ్మలను నడిపించు కముండా వంటి సాఫ్ట్‌వేర్లలో ప్రతి ప్రక్రియకును మారని పేరొకటి యుండును. దానిని కీ యందురు. ఆ కీతోనే సవరించిన బొమ్మను మరల డిప్లాయ్ చేసినచో, అనగా యంత్రమున ప్రవేశపెట్టినచో, యంత్రము పాతదానిని చెరిపివేయక, దాని ప్రక్కనే 2 అనియో 3 అనియో సంఖ్య వేసి క్రొత్త వెర్షన్‌ను నిలుపును. అటుపైన మొదలగు దరఖాస్తులు, వేరొక వెర్షన్‌ను ప్రత్యేకముగా కోరనిచో, క్రొత్తదానిలోనే నడచును. అప్పటికే బయలుదేరినవి తమ పాత బొమ్మ వెంట తుదివరకు పోవును. ఇది మిక్కిలి వివేకముతో కూడిన యేర్పాటని నా యభిప్రాయము. ఏలయన దరఖాస్తుదారు ఏ నియమమును నమ్మి గుమ్మమెక్కెనో ఆ నియమమే అతనికి వర్తించుట న్యాయము. ఏడవ వెర్షన్ ఏ సర్క్యులరునకు సంబంధించినదో కొంతకాలమునకు ఎవరికిని గుర్తుండదు కాబట్టి, వెర్షన్ ట్యాగ్ అను గడిలో సర్క్యులరు తేదీ వ్రాసియుంచుట మంచిది.

అయినను పాత ఫైళ్లను పాతదారినే విడిచిపెట్టుట అన్నివేళల పొసగదు. పాత పద్ధతిలో లోపమున్నదని తేలినచో, లేక రిజర్వు బ్యాంకు ఆదేశము తక్షణమే అమలు కావలసియున్నచో, నడుమనున్న ఫైళ్లను క్రొత్త బొమ్మలోనికి తరలింపవలసి వచ్చును. దీనికే మైగ్రేషన్ అని పేరు. చిక్కంతయు నిక్కడనే యున్నది. మన గృహఋణ పద్ధతినే చూడుడు. దస్తావేజులు సరిగా లేని యిండ్లకు వాల్యుయేషన్ ఖర్చు దండుగ యని తలచి, ఏకకాలమున జరుగుచుండిన ఆ రెండు పనులను ముందు లీగల్, పిదప వాల్యుయేషన్ జరుగునట్లు మార్చిరనుకొందము. వాల్యుయేషన్ ముగిసి, లీగల్ ఒపీనియన్ ఇంకను రాని ఫైలొకటి యున్నది. దానిని క్రొత్త బొమ్మలో లీగల్ గడియందు నిలిపినచో, ఆ గడి దాటగానే ఇంజనీరు అదే యింటికి రెండవమారు పోవును, రుసుమును రెండవమారు పడును. మంజూరు గడిలో నిలిపినచో, హక్కుపత్రములు ఎవరును చూడకయే ఋణము చేతికందును. ఆ ఫైలునకు క్రొత్త బొమ్మలో సరియైన స్థానమే లేదు! 1995లో ఎల్లిస్, కెద్దారా, రోజెన్‌బర్గ్ అను పరిశోధకులు ఈ చిక్కును శాస్త్రీయముగా చర్చించిరి. డైనమిక్ చేంజ్ బగ్ అను పేర అది ప్రసిద్ధము. ఎంత గొప్ప సాఫ్ట్‌వేరైనను గడికి గడిని జతపరచుటకు సాధనమీయగలదే కాని, ఏ గడికి ఏ గడి సమానమో చెప్పవలసినవాడు ఆ పని తెలిసిన మనుష్యుడే.

ఇక సెట్టింగుల మాట. గడువులు, రేట్లు, ఎంత మొత్తము వరకు ఏ అధికారి సంతకము చాలుననునది, ఇవన్నియు బొమ్మలోనే వ్రాసివేసినచో ప్రతి చిన్న మార్పునకును ఒక క్రొత్త వెర్షన్ పుట్టును. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీలో 12, 28 శాతముల రేట్లు చాలవరకు తొలగి, 5, 18 శాతములు ప్రధానమైనట్టి సందర్భమున, రేట్లను వేరొక పట్టికలో నుంచుకొన్నవారికి పట్టిక సవరించుటతో పని తీరును. అయితే పట్టికకు వెర్షన్ల పట్టింపు లేదు: దానిని చదువు పాత ఫైళ్లకును ఆ క్షణము నుండియే క్రొత్త రేటు అంటుకొనును. ఈ విషయమున చట్టము చూపిన జాగరూకత మెచ్చదగినది. రేటు మారినపుడు సరఫరా, ఇన్‌వాయిస్, చెల్లింపు అను మూటిలో రెండు మార్పునకు ముందే జరిగియున్నచో పాత రేటే వర్తించునని కేంద్ర జీఎస్టీ చట్టము 14వ సెక్షను సారాంశము. పట్టికలో రేటు ప్రక్కన అది అమలగు తేదీని కూడ చేర్చనివారు సగము పనియే చేసినట్లు.

పాత ఫైలునకు క్రొత్త నియమము అంటుకొను దారి మరియొకటి కలదు. ఒక ప్రక్రియ తనలో భాగముగా వేరొక ప్రక్రియను, అనగా ఉపప్రక్రియను, పిలుచునపుడు ఏ వెర్షన్‌ను పిలువవలెనో చెప్పనియెడల, కముండా అన్నిటికంటె క్రొత్తదానినే పిలుచును. మొదటి వెర్షన్‌లో భద్రముగ నున్నదనుకొన్న ఫైలు, కేవైసీ వంటి ఉపప్రక్రియ వద్దకు వచ్చునప్పటికి నిన్న మార్చిన దాని క్రొత్త వెర్షన్‌లో పడుట ఇందువలననే.

పాఠకులలో ఎవరిదైనను ఫైలు నడుమ నిలిచి, “రూలు మారిందండీ, మళ్లీ మొదటినుంచి పెట్టుకోవాలి” అను మాట వినవలసి వచ్చినచో, తమ దరఖాస్తు ఏ తేదీన చేరినదో, ఏ వెర్షన్ క్రింద నడచుచున్నదో అడుగవచ్చును. ఇట్టి సాఫ్ట్‌వేరులో నడచుచున్న ప్రతి ఫైలుతోను ఆ సంఖ్య నమోదైయే యుండును.