తోట కాసే కుక్కకు తావు నేర్పేదెలా?

నూజివీడు: మామిడి తోటకు కంచె ఎంత అవసరమో కాపలా కుక్కా అంతే అవసరం. కోతుల మూకను చెట్టెక్కనీయకుండా తరిమేది, రాత్రివేళ కాయ కోసుకుపోయేవాడు గట్టు దాటితే పాకలో వాళ్లను లేపేది అదే. అటువంటి కుక్క మగ్గవేసిన రసాల మీదనే కాలెత్తితే రైతు ఏం చేయాలి? కొట్టాలా, కట్టివేయాలా, ఊరి బయట వదిలి రావాలా? నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి ప్రాంతాల్లో కోతలు మొదలైతే ఏదో ఒక పాక దగ్గర ఈ గొడవ వినబడుతూనే ఉంటుంది. మొండి కుక్క అని పేరు పెట్టి వదిలించుకునే ముందు కాస్త ఓపిక పట్టి నేర్పితే మాట వింటుందని ఒక కౌలు రైతు అనుభవం చెబుతోంది.

గోతిలో పోసిన పండ్లు

గత వేసవిలో జరిగిన సంగతి ఇది. ఆ రైతు అయిదెకరాల తోట కౌలుకు చేస్తున్నారు. కాయలో ఎక్కువ భాగం వ్యాపారికి తోలినా, మంచి కాపు కాసే నాలుగు చెట్ల చిన్న రసాలు మాత్రం ఉంచుకుంటారు. పాకలో ఒక మూల వరిగడ్డి పరచి, పొర గడ్డి, పొర కాయ చొప్పున పేర్చి మగ్గవేస్తారు. అడిగి కొనుక్కుపోయేవారికి పండుగా ఇస్తే నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయి. ఆసారి పొరుగూరి పెళ్లివారు వచ్చి బయానా కూడా ఇచ్చి వెళ్లారు.

అయిదో రోజున ఇల్లాలు గడ్డి తొలగించి చూస్తే పండు వాసనతో పాటు మరో వాసన గుప్పుమంది. తడి అడుగు పొర దాకా దిగిపోయింది. కడిగి ఇవ్వడానికి ఆమెకు మనసొప్పలేదు. రెండు వందలకు పైగా పండ్లు గోతిలో పోసి పూడ్చారు. బయానా తిరిగి ఇచ్చారు.

పని చేసింది వాళ్ల నల్లోడు. నాలుగేళ్ల మగ కుక్క. అంతకుముందు ఏడాది మంచం కిందకు వచ్చిన పామును చూసి మొరిగి, నిద్రపోతున్న పిల్లవాణ్ణి లేపిన కుక్క అదే. ఆ రోజు మాత్రం అదేమీ గుర్తుకు రాలేదు. కర్రతో నాలుగు వేశారు. మెడ పట్టి ముక్కును తడి గడ్డికి రాశారు. ఊళ్లో ఇళ్ల ముందు కట్టినట్టే పాక గుంజకు నీలిమందు కలిపిన నీళ్ల సీసా వేలాడదీశారు. మర్నాడు నల్లోడు దూరంగా నిలబడి సీసాను చూసింది. మూడో రోజు ఆ సీసా కట్టిన గుంజకే కాలెత్తింది.

"ఇక అదన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి" అన్నది ఇల్లాలు. గోనెసంచిలో వేసి మోటారు సైకిలు మీద తీసుకుపోయి దూరపు చెరువు కట్ట మీద వదిలి రావాలని రైతు నిశ్చయించుకున్నారు. పిల్లవాడు గోనెసంచి దాచిపెట్టి అన్నం మానేశాడు.

ఆ సాయంత్రమే పండ్ల కోసం వచ్చారు ఒక పెద్దాయన. పశువుల ఆస్పత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైనవారు. గొడవంతా విని ఆయన అన్న మాట ఇది: "దీన్ని వదిలేస్తావు, కొత్తది తెచ్చుకుంటావు. ఆ కొత్తదీ ఇక్కడే కాలెత్తుతుంది. వాసన ఇక్కడే ఉంది కదయ్యా!"

ముక్కు చెప్పిన చోటు

కుక్కకు కంటి కన్నా ముక్కు ప్రధానం. వాసన పట్టే కణాలు మనిషి ముక్కులో 50, 60 లక్షలు ఉంటే కుక్క ముక్కులో జాతిని బట్టి 10 కోట్ల నుంచి 30 కోట్ల దాకా ఉంటాయని శాస్త్రజ్ఞుల లెక్క. మనం నీళ్లు కొట్టి, వాసన పోయిందనుకున్న చోటు దానికి పోయినట్టు కాదు. ఒకసారి పోసిన చోటనే మళ్లీ పోయడానికి ఇదే మొదటి కారణం.

రెండో కారణం హద్దు. మగ కుక్క ఆరు నెలల నుంచి ఏడాది లోపు కాలెత్తడం మొదలు పెడుతుంది. అప్పటి నుంచి దానికి మూత్రం ఒక చీటీ వంటిది. ఇది నా తావు అని గుంజకూ, గోడ మూలకూ, బండి చక్రానికీ రాసిపెట్టి పోతుంది. మరో కుక్క వాసన తగిలితే దాని మీద తనది రాస్తుంది. ఆడ కుక్కలు కూడా, ముఖ్యంగా ఎదకు వచ్చినప్పుడు, ఇలా చేస్తాయి.

మామిడి కాలంలో పాకకు రాని వస్తువు ఉండదు. పక్క ఊరి గడ్డి వస్తుంది. పది తోటలు తిరిగిన ట్రేలు వస్తాయి. కోత కూలీలు, వ్యాపారి మనుషులు, లారీ వాళ్లు వస్తారు. వాటన్నింటితో పరాయి కుక్కల వాసనా వస్తుంది. ఏడాదంతా బుద్ధిగా ఉన్న కుక్క ఏప్రిల్, మే నెలల్లో పాడైపోయిందని రైతులు అనుకోవడానికి కారణం ఇదే. దాని బుద్ధి ఎక్కడికీ పోలేదు. కాపలా కుక్క తన పద్ధతిలో తాను హద్దులు గీస్తోంది.

కొడితే నేర్చేది ఒక్కటే

పొద్దున పోసిన దానికి మధ్యాహ్నం కొడితే కుక్కకు అర్థం కాదు. చేసిన పనికీ, తగిలిన దెబ్బకూ మధ్య కొద్ది క్షణాలు దాటితే రెండింటినీ అది ముడివేసుకోలేదు. చెవులు వెనక్కి వాల్చి, తోక ముడిచి కూర్చుంటే తప్పు ఒప్పుకుంటోందని మనం అనుకుంటాము. అది మన ముఖంలో కోపం చూసి భయపడడమే. భయం ఎక్కువైతే నిలబడ్డ చోటనే మూత్రం కారిపోయే కుక్కలూ ఉన్నాయి. వాటిని కొట్టిన కొద్దీ తడి పెరుగుతుంది. ముక్కు రాయడం వల్ల కూడా మేలు లేదు. మనిషి చూస్తుండగా పోయకూడదని మాత్రం నేర్చుకుని, మనం లేనప్పుడు గడ్డి చాటున పోస్తుంది. నల్లోడు చేసింది అదే.

రష్యా దేశంలో పావ్లోవ్ అనే శాస్త్రజ్ఞుడు ఉండేవారు. జీర్ణక్రియ మీద చేసిన పరిశోధనకు 1904లో నోబెల్ బహుమతి అందుకున్నారు. తిండి పెట్టే ముందు ఒక చప్పుడు వినిపిస్తూ పోతే, కొన్నాళ్లకు ఆ చప్పుడు వినగానే కుక్కకు నోరూరుతుందని ఆయన చూపించారు. వెంటవెంటనే జరిగే రెండు విషయాలను కుక్క కలిపి గుర్తు పెట్టుకుంటుంది. ఆ గుణాన్ని దెబ్బకు బదులు బహుమానానికి వాడుకుంటే పని తేలికవుతుంది. కాంపౌండరు గారు రైతుకు చెప్పిన పద్ధతికి ఆధారం ఇదే.

ఇలా నేర్పారు

మొదటి పని వాసన చంపడం. తడిసిన గడ్డిని, కింద నేలలో నాలుగు వేళ్ల లోతు మట్టిని తీసి దూరంగా పారబోశారు. కొత్త మట్టి వేసి దిమ్మెస కొట్టారు. గుంజలను నీళ్లతో కడిగి, వెనిగరులో అంతే నీళ్లు కలిపి గుడ్డతో తుడిచి, ఎండ తగిలేలా పక్క తడికలు తీసివేశారు. ఫినాయిల్ వద్దన్నారు పెద్దాయన. దాని ఘాటు మన ముక్కుకు అడ్డం వస్తుంది గాని కుక్క ముక్కును మోసగించలేదు. పైగా నాకితే కుక్కకు విషం. అమ్మోనియా కలిసిన క్లీనర్లూ పనికిరావు. మూత్రంలో ఉండే వాసనా ఆ జాతిదే కనుక కుక్కను పిలిచినట్టవుతుంది. కారం చల్లితే కళ్లూ ముక్కూ మండి బాధపడుతుంది తప్ప నేర్చేదేమీ ఉండదు.

రెండో పని తావు చూపడం. తోట గట్టున ఒక తుమ్మ మోడు దగ్గర చోటు నిర్ణయించారు. పాత మట్టి కొంచెం తీసుకుపోయి అక్కడ పోశారు. దాని వాసన దానికే దారి చూపుతుంది. తెల్లవారి లేవగానే, తిండి తిన్న పావుగంటకు, మధ్యాహ్నం, రాత్రి పడుకునే ముందు తాడు పట్టుకుని పిల్లవాడు నల్లోడిని ఆ మోడు దగ్గరికే తీసుకుపోయేవాడు. అక్కడ నిలబడి "కానీ" అని ఒకే మాట అనేవాడు. పోయగానే "శభాష్" అని వీపు నిమిరి, జేబులోని రస్కు ముక్క పెట్టేవాడు. పాకకు తిరిగి వచ్చాక పెడితే ప్రయోజనం లేదు. పని అయిన మరుక్షణం అక్కడే పెట్టాలి.

మూడో పని కనిపెట్టి ఉండడం. నేర్చుకునే రోజుల్లో కుక్కను పాకలో ఒంటరిగా వదలలేదు. నేల వాసన చూస్తూ గిరగిరా తిరిగిందంటే కాలెత్తబోతోందని గుర్తు. అప్పుడు చప్పట్లు కొట్టి మరిపించి, మోడు దగ్గరికి నడిపించారు. తిట్టలేదు. ఎవరూ చూడనప్పుడు తప్పు జరిగిపోతే నోరెత్తకుండా శుభ్రం చేశారు.

నాలుగోది చిన్న చిట్కా. తాను తినే చోట, పడుకునే చోట మూత్రం పోయడానికి కుక్క సాధారణంగా ఇష్టపడదు. అందుకని నల్లోడి తిండి చిప్పను, గోనెపట్టాను సరిగ్గా గడ్డి వేసే మూల ముందే పెట్టారు.

మొదటి వారం రెండుసార్లు తప్పింది. రెండో వారం ఒకసారి. మూడో వారం గడిచేసరికి పిల్లవాడు తాడు పట్టుకోకుండానే నల్లోడు తనంతట తాను మోడు దాకా పోయి వచ్చి రస్కు కోసం ఎదురు నిలబడేది. ఆ తరువాత బహుమానం రోజూ కాకుండా అప్పుడప్పుడు పెడుతూ, మెచ్చుకోలు మాత్రం మానలేదు.

కుక్కపిల్ల అయితే ఇంకా తేలిక. అయితే దానికి నిగ్రహం తక్కువ. నెలల వయసుకు ఒకటి కలిపితే ఎన్ని గంటలో సుమారుగా అంతసేపు ఆపుకోగలదని లెక్క. మూడు నెలల పిల్లను మూడు నాలుగు గంటలకు ఒకసారి బయటకు తీసుకుపోకపోతే తప్పు మనదే అవుతుంది. బహుమానంగా మామిడి టెంక మాత్రం వేయవద్దు. మింగితే పేగుకు అడ్డుపడి ప్రాణం మీదకు వస్తుంది.

జబ్బేమో చూడాలి

అంతవరకు సక్రమంగా ఉన్న కుక్క ఉన్నట్టుండి మాటిమాటికీ కొద్దికొద్దిగా పోస్తున్నా, మూల్గుతున్నా, మూత్రం ఎర్రగా వస్తున్నా, నీళ్లు విపరీతంగా తాగుతున్నా అది శిక్షణతో కుదిరేది కాదు. మూత్రనాళంలో చీము, రాయి, చక్కెర వ్యాధి, మూత్రపిండాల జబ్బు వంటివి కారణం కావచ్చు. మండలంలోని పశువైద్యశాలకు తీసుకుపోవాలి. పెద్ద పరీక్షలు అవసరమైతే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. మగ కుక్కకు సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయిస్తే హద్దుల కోసం కాలెత్తడం చాలా వాటిలో తగ్గుతుంది. అన్నింటిలోనూ పూర్తిగా పోతుందని మాత్రం చెప్పలేము. కాపలా గుణం దానివల్ల చెడదు.

ఈ మూత్రం సంగతి పండ్లతో ఆగదు. ఎలుక జ్వరమని మనం పిలిచే లెప్టోస్పైరోసిస్ క్రిములు జబ్బు పడిన ఎలుకలు, కుక్కలు, పశువుల మూత్రంలో బయటకు వస్తాయి. తడి నేలలో, నిలవ నీటిలో బతికి, కాలి పగుళ్ల ద్వారా, గాయాల ద్వారా మనిషి ఒంట్లో చేరతాయి. కుక్క మూత్రం శుభ్రం చేసేటప్పుడు చేతికి తొడుగు, కాలికి చెప్పు ఉండాలి. తరువాత సబ్బుతో కడుక్కోవాలి. కుక్కలకు ఈ జబ్బు రాకుండా టీకా ఉంది. పిచ్చికుక్క వ్యాధి టీకా వేయించేటప్పుడే దాని గురించి డాక్టరు గారిని అడగవచ్చు.

వదిలేస్తే తీరదు

చెరువు కట్ట మీద వదిలిన కుక్క తిండి లేక చస్తుంది, లేదా పరాయి ఊరి కుక్కల చేత కరిపించుకుంటుంది, లేదా మరో ఊరికి బెడద అవుతుంది. ఆకలిదప్పులకు మాడేలా జంతువును వదిలిపెట్టడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. ఇక రైతుకు మిగిలేది కాపలా లేని తోట, వాసన పోని పాక.

కోతల కాలంలో కొద్దిపాటి జాగ్రత్త చాలు. గడ్డిని నేల మీద కాకుండా నడుమెత్తు బల్ల మీద పరవాలి. బయటి నుంచి వచ్చిన ట్రేలను కడిగి ఎండలో ఆరబెట్టిన తరువాతే పాకలోకి తేవాలి. ఎగుమతి జరిగేటప్పుడు కుక్కను నీడలో, నీళ్లు అందేలా కట్టివేయాలి. లారీ వెళ్లిపోయాక ఒకసారి దాని తావుకు తీసుకుపోయి వస్తే సరి.

ఆ కౌలు రైతు పాకలో ఈ ఏడాది కూడా చిన్న రసాలు మగ్గవేశారు. నిరుడు బయానా తిరిగి తీసుకున్న పెళ్లివారే మళ్లీ వచ్చి పండ్లు తీసుకుపోయారు. గడ్డి మూల ముందు గోనెపట్టా మీద నల్లోడు పడుకుని ఉంది. వ్యాపారి మోటారు సైకిలు ఆగితే మాత్రం ఇప్పటికీ లేచి వెళ్లి వెనుక చక్రానికి కాలెత్తి వస్తుంది. అది తోట బయట జరిగే పని కనుక ఇంట్లో ఎవరూ ఏమీ అనడం లేదు. ఇల్లాలైతే చూసీ చూడనట్టు ఊరుకుంటున్నది.