మూడు లైన్ల జాగల ఎంత పడుతది?

ఫోన్ల హైకు అని ఏదన్న కనవడంగనే మనోళ్లు మొదలు చేసే పని వేళ్లు మడుచుడు. 5, 7, 5. మొత్తం 17 అక్షరాలు లెక్కకు వస్తే హైకు, లేకుంటే గాదు. చానమంది ఈ లెక్క కాడనే ఆగిపోతున్నరు. చదివేటోళ్లకు "గింతేనా?" అనిపిస్తది. రాసేటోళ్లకు కైత పోయి కూడికలు మిగుల్తయి.

అసలు ఆ లెక్క మన అక్షరాలది గాదు. జపానోళ్లు లెక్కవెట్టేది చిన్న చిన్న పలుకుల్ని. 'టోక్యో' మనకు రెండు అక్షరాలు. వాళ్లు దాన్ని తో-ఉ-క్యో-ఉ అని నాలుగు పలుకులు లెక్కవెడ్తరు. అంటే వాళ్ల 17ల పట్టే ముచ్చట మన 17ల పట్టేదానికంటే తక్కువే. మనం ఆ జాగ నింపాల్నని కూసుంటే అక్కెర లేని మాటలు కుక్కుడే అయితది.

హైకు పుట్టుక తెలిస్తే దాని మతలబు ఇంకింత సమజైతది. ఎనుకట జపాన్ల నలుగురు గూడి గొలుసు కైత కట్టేటోళ్లు. ఒకరు మొదటి మూడు ముక్కలు చెప్తే, ఇంకొకరు అందుకొని సాగదీయాలె. ఆ మొదటి ముక్కను 'హొక్కు' అనేటోళ్లు. 17వ శతాబ్దంల బషో దానికి విడిగ నిలవడే బలం ఇచ్చిండు. 'హైకు' అన్న పేరు 1800ల ఆఖర్ల షికి స్థిరం చేసిండు. మొదటోడే అంతా చెప్పేస్తే రెండోడు అందుకునేదానికి ఏం మిగుల్తది? అందుకే సగం ఇడిచిపెట్టుడు దాని రక్తంలనే ఉన్నది. ఇయ్యాల ఆ రెండోడు ఎవరో గాదు, చదివేటోడే.

ఇగ మన ఊరి పోరగాళ్లకు తెల్వాల్సినోడు ఇస్సా (1763–1828). రైతు కొడుకు. చిన్నప్పుడే తల్లి సచ్చిపోయింది. 15 ఏండ్లు నిండకముందే తండ్రి ఎడో పట్నానికి, అంటే ఇప్పటి టోక్యోకు, తోలిచ్చిండు. ఆయన ఇలాక నుంచి చలికాలం కూలికొచ్చేటోళ్లను పట్నపోళ్లు గోరింక జాతి పిట్ట పేరువెట్టి ఎక్కిరించేటోళ్లు. హాస్టళ్ల మన యాస ఇని నవ్వేటోళ్లను చూసినోళ్లకు ఇది కొత్త గాదు. ఇస్సా ఆ ఎక్కిరింపునే హైకు చేసిండు. నాకు అవమానమైంది అని రాయలే. ఆ పేరునూ, చలినీ పక్కపక్కన పెట్టి ఊకున్నడు. ఊరి మాటలతోని, ఈగల మీద, పేన్ల మీద, కప్పల మీద ఆయన 20 వేలకు పైగా హైకులు రాసిండు.

పక్కపక్కన పెట్టుడంటే ఏందో చూద్దాం. "నాయిన యాదికొచ్చి వానలెక్క ఏడ్సిన" అని రాస్తే చదివేటోనికి పని లేదు. అదే ఇట్ల రాస్తే?

మిరుగం వాన—
నాయిన చెప్పుల్ని అమ్మ
లోపట పెట్టింది

లెక్కవెడితే 19 అక్షరాలు. ఏం గాదు. నాయిన ఏడున్నడో చెప్పలే. పాలమూరు పిల్లగాడు బొంబాయి అనుకుంటడు, జగిత్యాల పిల్ల దుబాయ్ అనుకుంటది. ఒకరికి ఆయన ఇగ లేడనిపిస్తది. ఇంకొకరికి లోపట నిద్రవోతున్నడనిపిస్తది. ఇండ్ల ఏదీ తప్పు గాదు.

జపాన్ హైకుల రుతువును చెప్పే మాట ఒకటి ఉండాలని రివాజు. అసొంటి మాటల కోసం వాళ్లకు పెద్ద పెద్ద పుస్తకాలే ఉన్నయి. మనకు కార్తెలున్నయి. రోహిణి అంటే ఎండ, మిరుగం అంటే తొలకరి, చాపల కూర, దుక్కి. ఒక్క మాటకు ఊరు ఊరంత కదుల్తది. గింత సొమ్ము చేతుల పెట్టుకొని జపాన్ చెర్రీ పూల మీద రాసుడెందుకో నాకైతే సమజ్ గాదు.

ఇంకో ముచ్చట. నానీలు వేరు. ఎన్. గోపి సారు మొదలువెట్టిన నానీకి నాలుగు లైన్లు, 20 నుంచి 25 అక్షరాలు. అండ్ల మాటను తేల్చి కొట్టొచ్చు. హైకుల తేల్చొద్దు.

రాసినంక ఆఖరి లైన్‌ను ఏలుతోని మూసి చదువుండ్రి. అది లేకున్న సాగితే కొట్టేయుండ్రి. దుఃఖం, సంతోషం, ఒంటరి అన్న మాటలుంటే తీసేసి, ఆ టైంల కండ్ల ముంగట ఏమున్నదో రాయుండ్రి. అటెన్క దోస్తుకు చూపెట్టి, ఏం కనవడ్డదో అడుగుండ్రి. మీరు అనుకోనిది చెప్తే మధ్యల అడ్డుపడకుండ్రి, పూర్తిగ చెప్పనీయుండ్రి.