చూపు – అవధానం

కుమ్మరి సారె తిరుగుతుంటే చుట్టూ చేరిన పిల్లలందరూ కుండనే చూస్తారు. కుమ్మరి ఇంటి పిల్లవాడు మాత్రం కొంతకాలానికి తండ్రి బొటనవేలిని చూడడం మొదలుపెడతాడు. లోపలినుండి వేలు ఎంత ఒత్తుతున్నదో, వెలుపల అరచేయి ఎట్లా ఆనుతున్నదో, దారంతో కుండను సారెనుండి ఎప్పుడు వేరుచేస్తున్నారో గమనిస్తాడు. అందరి కళ్ళకూ కనిపించినది ఒకటే; పని పట్టుబడినది మాత్రం వాడికే. ఈ భేదానికి మూలం అవధానం.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ బందూరా, ఆయన సహచరులు 72 మంది శిశువిద్యాలయ బాలబాలికలపై జరిపిన ప్రయోగాన్ని 1961లో ప్రకటించారు. గాలి నింపిన బొమ్మను పెద్దలు కొట్టడం చూసిన పిల్లల్లో పలువురు, ఎవరూ నేర్పకుండానే, అదే తీరున కొట్టారు. చూచి నేర్చుకోవడంలో అవధానం, ధారణ, ఆచరణ, ప్రేరణ అనే నాలుగు ప్రక్రియలు ఉన్నాయని బందూరా 1977లో వివరించారు. మొదటిది లేనిదే తక్కినవాటికి తావు లేదు. మన అష్టావధానంలో అవధాని దృష్టిని చెదరగొట్టడానికే అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుణ్ణి నియమించిన పూర్వులకు ఈ సంగతి తెలియనిది కాదు.

అయితే అవధానం ఆజ్ఞాపిస్తే కలిగేది కాదు. మారిసెలా కొరెయా-చావెజ్, బార్బరా రోగాఫ్ గ్వాటెమాలా దేశపు మాయా పిల్లలను, అమెరికా పిల్లలను పరిశీలించి 2009లో ఫలితాలు ప్రకటించారు. తోబుట్టువుకు బొమ్మ చేయడం నేర్పుతున్నప్పుడు, సంప్రదాయ మాయా కుటుంబాల పిల్లలు పక్కన కూర్చొని ఎక్కువ శ్రద్ధతో చూశారు. వారం తరువాత ఆ బొమ్మనే తక్కువ సాయంతో చేయగలిగారు. పెద్దల పనుల్లో పాలుపంచుకొనే బిడ్డకు ఇతరులకు చెప్పే పాఠం కూడా తనదే.

ఇక మన సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతానికి వద్దాం. 1960వ దశకంలో రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం వెలసినది మొదలు ఇక్కడ ఎందరో పెద్దల పని ప్రహరీగోడల వెనుకకు చేరింది. పిల్లలు యంత్రాల దాపుకు పోకపోవడం మేలే. తండ్రి చేతులను చూసే అవకాశం మాత్రం పోయింది. అయినా చూచి నేర్వడం ఆగలేదు. ఒడిశా, బీహార్ల నుండి వచ్చిన కార్మికుల పిల్లలు అంగడిలో తెలుగు నేర్చుకొంటారు. తల్లి కూరగాయలు బేరమాడుతుంటే కూతురు చెవియొగ్గి వింటుంది. రేపు సంచి పట్టుకొని రావలసినది తానే మరి!

ఆ పిల్లే తరగతిలో పక్కవారి పుస్తకంలోకి తొంగిచూస్తే, "దిక్కులు చూడకు" అని గద్దించడం కద్దు. పక్కపిల్ల ఏ పుట తీసింది, ఏ అక్షరంపై వేలు పెట్టింది, "రాయండి" అనగానే ఎవరి చేయి ముందు కదిలింది - వీటిని చూస్తూనే ఆమె ఇంకా తనకు అలవడని భాషలోని పాఠాన్ని అందుకొంటున్నది.