గంగమ్మ జాతర ఫొటోలకి ఇంట్లో ఎడిటింగ్ పీసీ: డబ్బు ముందు దేని మీద పెట్టాలి?

ఫొటో ఎడిటింగ్‌కి పీసీ అనగానే చాలామంది అడిగే మొదటి ప్రశ్న "గ్రాఫిక్స్ కార్డ్ ఏది?" గేమింగ్‌కైతే కరెక్టే. ఫొటోలకి లెక్క వేరే. ముందు మానిటర్, తర్వాత స్టోరేజ్, గ్రాఫిక్స్ కార్డ్ చివర్లో. ఎందుకో మన జాతరతోనే చూద్దాం.

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర మే నెలలో జరుగుతుంది. బైరాగి వేషానికి తెల్లటి నామంకొమ్ము, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం ఒళ్ళంతా పూసుకుంటారు. ఇక్కడ రంగే వేషానికి గుర్తు. అది ప్రింట్‌లో తప్పితే ఫొటో తీసి లాభం లేదు.

మానిటర్

ఐపీఎస్ ప్యానెల్, 99 శాతానికి పైగా ఎస్‌ఆర్‌జీబీ కవరేజ్ చూసి కొనండి. కొన్ని బడ్జెట్ ల్యాప్‌టాప్‌ల స్పెక్స్‌లో "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని రాసుంటుంది. అంటే ఎస్‌ఆర్‌జీబీలో అది దాదాపు 60 శాతమే. అలాంటి స్క్రీన్ మీద కుంకుమ వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. మీరేమో సాచురేషన్ పెంచేస్తారు, ప్రింట్‌లో ఎరుపంతా ముద్ద అయిపోతుంది.

27 అంగుళాల సైజులో 2560×1440 రిజల్యూషన్ హాయిగా సరిపోతుంది. బ్రైట్‌నెస్ ఫుల్‌గా పెట్టి ఎడిట్ చేయకండి, ప్రింట్ చీకటిగా వస్తుంది. 120 నిట్స్ దగ్గర్లో, కలర్ టెంపరేచర్ 6500 కెల్విన్‌లో ఉంచండి. నైట్ లైట్ ఆఫ్ చేయాల్సిందే. కాలిబ్రేటర్ రోజూ వాడేది కాదు కాబట్టి నలుగురు ఫ్రెండ్స్ కలిసి ఒకటి కొనుక్కుంటే చాలు.

ఇంకో మాట. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 స్థాయిలే ఉంటాయి. 14 బిట్ రా ఫైల్‌లో 16,384. బొగ్గు పూసిన ముఖంలో వివరాలు బయటికి తీయాలన్నా, నామంకొమ్ము తెలుపు తేలిపోకుండా ఆపాలన్నా రా ఫైలే దిక్కు. కుంకుమ ఫొటోల్లో హిస్టోగ్రామ్‌లోని రెడ్ ఛానెల్‌ని విడిగా చూడండి. మిగతా రెండూ బాగానే ఉన్నా అదొక్కటి కుడి అంచుకి కొట్టుకుని ఉంటుంది.

స్టోరేజ్

24 మెగాపిక్సెల్ రా ఫైల్ ఒకటి 30 ఎంబీ అనుకుందాం. రోజుకి 1,000 ఫొటోలంటే 30 జీబీ, వారం తీస్తే 210 జీబీ. ఎడిట్ చేస్తున్న ఫొటోలు, క్యాటలాగ్ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ మీద, పాతవి హార్డ్ డిస్క్ మీద పెట్టుకోండి.

బ్యాకప్‌కి అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ చెప్పిన 3-2-1 పద్ధతి బెస్ట్: మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజ్, ఒక కాపీ ఇంటి బయట. క్లౌడ్‌కి డబ్బు కట్టలేకపోతే ఒక హార్డ్ డిస్క్ అమ్మమ్మ వాళ్ళింట్లో పెట్టినా లెక్కలోకి వస్తుంది. ఈ ఏడాది వేషం మళ్ళీ వచ్చే మేలోనే. రీషూట్ ఉండదు.

ర్యామ్, ప్రాసెసర్, గ్రాఫిక్స్

16 జీబీ ర్యామ్ కనీసం, పనోరమాలు చేసేవాళ్ళకి 32. ఆరు కోర్ల ప్రాసెసర్ చాలు. కలర్, క్రాప్, ఎక్స్‌పోజర్ లాంటి మామూలు పనులు ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్‌తో నడిచిపోతాయి. కార్డ్ నిజంగా అవసరమయ్యేది ఏఐ డీనాయిస్‌కి. రాత్రి షాట్లు హై ఐఎస్‌ఓలో ఎక్కువ తీస్తే కార్డ్ లేకుండా ఒక్కో ఫొటోకి నిమిషాలు పడుతుంది. అప్పుడు కొనుక్కోవచ్చు, స్లాట్ ఎక్కడికీ పోదు.

సాఫ్ట్‌వేర్ బడ్జెట్ లేదా? డార్క్‌టేబుల్ ఉచితం. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింట్లోనూ నడుస్తుంది.

కరెంటు, ఎండ

మే సాయంత్రాల్లో గాలివాన వస్తే కరెంటు పోవడం మామూలే. ఫైళ్ళు కాపీ అవుతుండగా పోయిందంటే క్యాటలాగ్ పాడయ్యే ప్రమాదం ఉంది. ఇన్వర్టర్ ఉంది కదా అంటారా? అది అందుకునే లోపే కొన్ని పీసీలు రీస్టార్ట్ అయిపోతాయి. అందులో యూపీఎస్ మోడ్ ఉంటే ఆన్ చేయండి, లేకపోతే చిన్న యూపీఎస్ తీసుకోండి. పని కొనసాగించడానికి కాదు, సేవ్ చేసి షట్‌డౌన్ చేయడానికి.

క్యాబినెట్‌ని గోడకి ఆనించకండి. 40 డిగ్రీల ఎండలో గాలాడకపోతే ప్రాసెసర్ వేడెక్కి తనే స్పీడ్ తగ్గించుకుంటుంది.

మొత్తం ఒకేసారి కొనలేకపోతే పాత పీసీకే మంచి మానిటర్, బ్యాకప్ డిస్క్ తగిలించండి. ఎడిటింగ్ కాస్త నిదానంగా సాగుతుంది, అంతే. రంగులు మాత్రం నిజంగా కనిపిస్తాయి, ఫొటోలు భద్రంగా ఉంటాయి.