పైరుచీడల నదుపునం దుంచు చిన్న కందిరీగలు

పొలమున పురుగు కనబడినతోడనే మందు చల్లవలెనని మనలో ననేకులు తలంతురు. ఆ పురుగుపైబడి బ్రతుకు మరియొక పురుగు కూడ ఆ పొలముననే యుండునని యెరిగినవారు కొందరే. వరిలో కాండము తొలుచు పురుగు గ్రుడ్లను సయితము అట్టి కందిరీగలు నశింపజేయుచుండును. ఇవి చేయు మేలును ఒక నిదర్శనముతో సభ్యులకు తెలుప నెంచితిమి.

బొప్పాయి పిండినల్లి మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతములది. మన దేశమున నిది 2008లో కోయంబత్తూరునందు కానవచ్చి, బొప్పాయి, మల్బరీ, కర్రపెండలము తోటలను పాడుచేసెను. ఒడలిపై మైనపుపొడి కప్పియుండుటచే దీనికి మందు సరిగా తగులదు. దాని స్వదేశపు శత్రువులును ఇచ్చట లేకుండెను. అందుచే 2010లో బెంగుళూరునందలి జాతీయ కీటక పరిశోధన సంస్థవారు పోర్టోరికో ద్వీపమునుండి మూడుజాతుల కందిరీగలను తెప్పించి, పెంచి, తోటలలో విడిచిరి. వానిలో అసెరోఫాగస్ పపాయే అనునది మిక్కిలి ఫలము నిచ్చెను. కొలది నెలలలోనే చీడ తగ్గిపోయెను.

ఈ కందిరీగ ఆవగింజకంటె చిన్నది; మనుష్యులను కుట్టదు. ఆడుది పిండినల్లి పిల్ల శరీరములో గ్రుడ్డు పెట్టును. గ్రుడ్డునుండి వెడలిన పిల్లపురుగు లోపలి పదార్థమును తినివేయగా పిండినల్లి గట్టిపడి చచ్చును. పిదప క్రొత్త కందిరీగ దానికి రంధ్రము చేసికొని వెలికి వచ్చును.

పిండినల్లులు హెచ్చినపుడు కందిరీగలకు ఆహారము సులభముగా దొరకును గాన అవియు హెచ్చును. పిండినల్లులు తగ్గినపుడు వెదకుట కష్టమై కందిరీగలును తగ్గును. అయినను చెట్టుసందులలో కొన్ని పిండినల్లులు మిగులును. వానిపై కొన్ని కందిరీగలు బ్రతికియుండును. చీడ మరల తల యెత్తగనే ఇవియు వృద్ధినొందును. ఇట్లు చీడ నిర్మూలము కాకున్నను, పైరునకు నష్టము కలుగనంత స్వల్పముగా నిలిచియుండును.

తొందరపడి మందు చల్లినచో ఈ తూకము చెడును. మైనపుచాటున కొన్ని పిండినల్లులు బ్రతుకును. కందిరీగలు మాత్రము చచ్చును. పిమ్మట అడ్డము లేక చీడ మునుపటికంటె హెచ్చవచ్చును.

కావున సభ్యులు మొదట ఆకుల అడుగుభాగమును పరీక్షింపవలెను. రంధ్రములుగల గట్టిపడిన పిండినల్లులు కనబడినచో కందిరీగలు చేరినవని గుర్తించి మందు మానవలెను. పిండినల్లులు విడుచు తీపిరసమునకై చేరు చీమలు కందిరీగలను తరుమును, చీమలను చెట్టెక్కనీయరాదు. కందిరీగలు గట్టు నెరుగవు. ఒకరు కాపాడినవానిని ప్రక్కవారు చంపినచో ఇరువురికిని నష్టమే. కావున ఇరుగుపొరుగు రైతు లందరును కూడి నిశ్చయించి నడచుకొనవలెనని కోరుచున్నాము.