పదికి తొమ్మిది అంటే ఏమిటి?

గత వేసవిలో ఒకనాటి సాయంకాలం మా పొరుగింటి కుర్రవాడు ఫోను చేతబట్టుకొని మా ఇంటికి వచ్చినాడు. ఇక్కడ తిరుమలగిరిలోనే ఇంటర్మీడియెట్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. ముఖం వాడిపోయి ఉన్నది. "పదికి తొమ్మిది మార్కులు ఇచ్చిండ్రు సార్ ఈ గేముకు. నా ఫోన్ల నత్తలెక్క నడుస్తున్నది" అన్నాడు. ఆ ఆటకు చోటు చాలక ఫోనులోని ఫోటోలు కొన్ని తీసివేసినాడట. వాటిలో అక్క పెళ్ళి ఫోటోలు కూడ ఉన్నవి. ఆ సంగతి ఇంట్లో ఇంకా ఎవరికీ తెలియదు. అసలు దిగులు అదీ.

అయితే ఆ సమీక్ష వ్రాసినవాడు అబద్ధమాడినాడా? నేనూ చదివి చూచినాను. అందులో అబద్ధమేమీ కనబడలేదు. బొమ్మలు అందముగా ఉన్నవన్నాడు, కథ బాగున్నదన్నాడు, ఆట మెత్తగా సాగినదన్నాడు. కాని ఏ ఫోను మీద ఆడినాడో చెప్పలేదు. ఎన్ని గంటలు ఆడినాడో చెప్పలేదు. మనము తరగతిలో "నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుంది" అని చెబుతాము. సముద్రమట్టపు వాయుపీడనము వద్ద అది నిజమే. మన సికిందరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైబడి ఎత్తున ఉన్నది కనుక ఇక్కడ నీరు సుమారు 98 డిగ్రీల వద్దనే మరుగుతుంది. పరిస్థితి చెప్పని కొలత సగము కొలత. వీడియో ఆటకు ఇచ్చే మార్కు కూడ ఒక కొలతయే గదా!

ఈ లోపము చిన్న వ్రాతగాళ్ళకే పరిమితమైనది కాదు. పోలండు దేశపు సీడీ ప్రాజెక్ట్ రెడ్ అనే సంస్థ 'సైబర్‌పంక్ 2077' అనే ఆటను 2020 డిసెంబరు 10న విడుదల చేసినది. అంతకుముందే సమీక్షకులకు ప్రతులు అందినవి గాని, అవన్నీ కంప్యూటరు మీద ఆడే ప్రతులు. సమీక్షలలో పొగడ్తలు నిండినవి. అవి చదివి పాతతరము ప్లేస్టేషన్ మీద ఆడుకొనేవారు లక్షలాదిగా కొన్నారు. వారి యంత్రాల మీద ఆట తడబడినది, మధ్యలో ఆగిపోయినది. ఆ నెల మూడవ వారంలోనే సోనీ సంస్థ దానిని తన దుకాణము నుండి తీసివేసి, కొన్నవారికి డబ్బు వాపసు ఇస్తామన్నది. మరల 2021 జూనులో గాని అది ఆ దుకాణంలోనికి రాలేదు. సమీక్షకులు చూచినది చూచినట్టే వ్రాసినారు. వారు చూచిన యంత్రము పాఠకుని యంత్రము కాదు, అంతే.

ఇక ఆట మెత్తగా సాగడమంటే ఏమిటో కొంచెము విచారించుదాము. సినిమాలో వలెనే ఇక్కడ కూడ నిశ్చల చిత్రాలు వరుసగా వచ్చి కదలిక అనే భ్రమను కలిగిస్తవి. తేడా ఏమనగా, సినిమా బొమ్మలు ముందే తీసి ఉంచినవి. ఆటలో ప్రతి బొమ్మనూ యంత్రము అప్పటికప్పుడు లెక్కగట్టి గీయవలెను. సెకనుకు 60 బొమ్మలు కావలెనంటే ఒక్కొక్క బొమ్మకు దొరికే వ్యవధి 16.7 మిల్లీసెకనులు మాత్రమే. 30 బొమ్మలు చాలుననుకుంటే 33.3 మిల్లీసెకనులు.

"సగటున సెకనుకు 60 బొమ్మలు వస్తున్నవి" అని సమీక్షలో ఉంటే సంతోషించవచ్చునా? ఒక లెక్క చూడండి. ఒక సెకనులో 59 బొమ్మలు ఒక్కొక్కటి 15 మిల్లీసెకనులలో వచ్చినవి, మొత్తము 885. మిగిలిన ఒక్క బొమ్మ 115 మిల్లీసెకనులు తీసుకొన్నది. మొత్తము 1000, బొమ్మలు 60. సగటు చక్కగా ఉన్నది! కాని ఆ ఒక్క బొమ్మ దగ్గర ఆట గుర్రము కాలు మడతబడినట్లు తూలుతుంది. సరిగ్గా గురిచూచే క్షణంలో తూలితే ఆటగాడు ఓడిపోతాడు. సగటుతో పాటు అన్నిటికన్న ఆలస్యమైన బొమ్మ ఎంతసేపు పట్టినదో కూడ చెప్పిన సమీక్ష వలననే ప్రయోజనము.

ఫోను విషయంలో దీనికి వేడి కూడ తోడవుతుంది. లెక్క చేసే కొద్దీ ఫోనులోని ప్రాసెసరు వేడెక్కుతుంది. వేడి హద్దు మీరకుండ అది తన వేగాన్ని తానే తగ్గించుకొంటుంది. కనుక మొదటి పది నిమిషాల ఆట వేరు, నలభైయవ నిమిషపు ఆట వేరు. గది వేడి సంగతి కూడ చూడవలె. ఫోను పైభాగము 45 డిగ్రీలున్నదనుకొందాము. శీతల యంత్రము గల గదిలో గాలి 22 డిగ్రీలు; తేడా 23. మే నెలలో మా తిరుమలగిరి ఇళ్ళలో పంకా క్రింద కూడ 38 డిగ్రీలుంటే తేడా 7. న్యూటను చెప్పిన చల్లారు సూత్రము ప్రకారము వేడి పోయే వేగము ఈ తేడాను అనుసరించి ఉంటుంది గనుక, మన గదిలో ఫోను మూడవ వంతు వేగముతో కూడ చల్లబడలేదు. మా కుర్రవాని నత్తకు సగము కారణము ఇక్కడున్నదని నా అనుమానము. దీనిని కనుగొనడానికి పెద్ద పరికరాలక్కరలేదు, గడియారమూ గోడకు వ్రేలాడే ఉష్ణమాపకమూ ఉంటే చాలును. అయినా ఎంతమంది సమీక్షకులు గది వేడి వ్రాస్తున్నారు?

పలువురు కలిసి ఇంటర్‌నెట్ మీద ఆడే ఆటలకు దూరము కూడ లెక్కలోనికి వస్తుంది. గాజుతంతువులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఆటను నడిపే కంప్యూటరు సింగపూరులో ఉన్నదంటే, సుమారు 3,300 కిలోమీటర్లు పోయి రావడానికే 33 మిల్లీసెకనులు కావలె. తంతువులు తిన్నగా పోవు కనుక నిజానికి ఇంకా ఎక్కువ. సింగపూరులో కూర్చున్న సమీక్షకునికి ఈ ఆలస్యము తెలియనే తెలియదు.

ఎంతసేపు ఆడి వ్రాసినాడన్నది మరొక ప్రశ్న. దీనికి మన ఊరి ఉదాహరణమే ఉన్నది. హైదరాబాదులోని ఓగర్ హెడ్ స్టూడియో 2017లో 'అసుర' అనే ఆటను విడుదల చేసినది. మన పురాణ వాతావరణంలో, రాక్షసుని పక్షాన నిలబడి ఆడే కత్తియుద్ధపు ఆట. చనిపోతే మొదటికి రావలసినదే; మరల మొదలుపెట్టినపుడు దారులు మారుతవి, వీరుడు నేర్చుకొనే విద్యల అమరిక కూడ మారుతుంది. ఇటువంటి ఆటను ఒక్కసారి ఆడి తీర్పు చెప్పడము, చింతచెట్టు నుండి ఒక్క కాయ కోసి చెట్టంతటి రుచి చెప్పడము వంటిది. పది ఆటలలో ఒకసారి బయటపడే లోపము ఒకటి ఉన్నదనుకొందాము. మూడుసార్లు ఆడినవానికి అది ఒక్కసారి కూడ కనబడకపోయే అవకాశము 0.9ని మూడుసార్లు గుణించగా వచ్చిన 0.73, అనగా నూటికి 73. ఇరవైసార్లు ఆడినవానికి ఆ అవకాశము నూటికి 12 మాత్రమే. "లోపాలేవీ కనబడలేదు" అనే వాక్యానికి విలువ రావలెనంటే ప్రక్కనే "ఇన్నిసార్లు ఆడినాను" అని ఉండితీరవలె. స్టీమ్ అనే కంప్యూటరు ఆటల దుకాణంలో 2013 నుండి ఆటగాళ్ళ సమీక్షలు వస్తున్నవి. వ్రాసినవాడు ఎన్ని గంటలు ఆడినాడో ప్రతి సమీక్ష ప్రక్కనా కనబడుతుంది. నన్నడిగితే అక్కడి బొటనవేలి గుర్తుకన్న ఆ అంకెయే విలువైనది.

తేదీ కూడ ముఖ్యమే. ఆటలు అచ్చయిన పుస్తకాలు కావు, విడుదలైన తరువాత కూడ మారుతూ ఉంటవి. 'నో మ్యాన్స్ స్కై' అనే ఆటను 2016లో జనము తిట్టిపోసినారు. తయారుచేసినవారు ఏళ్ళ తరబడి దానిని దిద్దుతూ వచ్చినారు. 2024 నాటికి స్టీమ్‌లో మొత్తము అభిప్రాయము బాగా అనుకూలమైన శ్రేణికి చేరినది. 2016 నాటి సమీక్ష ఆనాటికి నిజమే, ఈనాడు కొనేవానికి మాత్రము దారి తప్పిస్తుంది.

లెక్కల ఉపాధ్యాయులకు పనికివచ్చే ముచ్చట ఒకటి. ఒక ఆటను పదిమంది చూచి తొమ్మిదిమంది మెచ్చుకొన్నారు, నూటికి 90. మరొక ఆటను 1000 మంది చూచి 850 మంది మెచ్చుకొన్నారు, నూటికి 85. దేనిని నమ్మవలె? ఫ్రెంచి గణితవేత్త లాప్లాసు చూపిన సులభమైన ఉపాయమున్నది: మెచ్చినవారికి ఒకటి, మొత్తానికి రెండు కలిపి భాగించవలె. మొదటి ఆటకు 12లో 10, అనగా నూటికి 83.3. రెండవదానికి 1002లో 851, అనగా 84.9. ముందున్నది వెనుకబడినది! చిన్న సంఖ్యల మీద తొందరపడి నమ్మకము పెట్టుకోరాదన్న జాగ్రత్తకు ఇది అంకెల రూపము.

"మరి రుచి మాటేమిటి? ఒకరికి నచ్చినది మరొకరికి నచ్చదు గదా" అంటారు. నిజమే. అయినా నేను దీనిని అంత పెద్ద అడ్డంకిగా తలచను. ప్రయోగశాలలోని త్రాసు ఒకటి ఎప్పుడు తూచినా 50 గ్రాములు ఎక్కువ చూపుతుందనుకోండి. ఆ సంగతి తెలిస్తే దానితో హాయిగా తూచుకోవచ్చును, 50 తీసివేస్తే సరి. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ చూపే త్రాసు మాత్రము ఎందుకూ కొరగాదు. సమీక్షకులూ అంతే. నెమ్మదిగా ఆలోచించి ఆడే ఆటలంటే విసుగుపడే సమీక్షకుడు ఆ మాట బాహాటముగా చెప్పుకొంటే, అతడు తిట్టిన ఆటను అట్టివి ఇష్టపడే పాఠకుడు ధైర్యముగా కొంటాడు. పక్షపాతము ఉండడము తప్పు కాదు, దాచడము తప్పు. డబ్బు పుచ్చుకొనో, ఉచిత ప్రతి పుచ్చుకొనో వ్రాసినప్పుడు ఆ సంగతి చెప్పకపోవడము ఈ దాపరికాలన్నింటిలో చెడ్డది. మన దేశంలో వినియోగదారుల సమీక్షలను సేకరించి ప్రకటించే పద్ధతికి భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఒక ప్రమాణాన్నే వెలువరించినది. దాని సంఖ్య ఐఎస్ 19000.

"ఉచితము" అనే మాట దగ్గర సమీక్షకుడు మరీ జాగ్రత్తగా ఉండవలె. ఫోను ఆటలు చాలావరకు ఊరకే దొరుకుతవి, లోపలికి పోయిన తరువాత పెట్టెలు కొనమంటవి. పెట్టెలో మంచి ఆయుధము వచ్చే అవకాశము నూటికి ఒకటి అనుకొందాము. నూరు పెట్టెలు కొంటే తప్పక వస్తుందని పిల్లలు అనుకొంటారు. నూరుసార్లూ రాకపోయే అవకాశము 0.99ని నూరుసార్లు గుణించిన ఫలము, సుమారు 0.37. కనుక నూరు పెట్టెలకు డబ్బు పెట్టినవారిలో కూడ నూటికి 37 మంది వట్టిచేతులతో మిగులుతారు. ఈ అవకాశాలను వెల్లడించవలెనని ఆపిల్ సంస్థ 2017లో, గూగుల్ సంస్థ 2019లో తమ దుకాణాలలో నియమము పెట్టినవి. ఆ అంకెను వెదకి, పై లెక్క కట్టి, "ఈ కత్తి కావలెనంటే సుమారు ఇంత ఖర్చు" అని రూపాయలలో చెప్పే సమీక్ష పది పేజీల వర్ణనకన్న మేలు.

సైబర్‌పంక్ కథలో నేను చెప్పకుండ ఆపినది ఒకటున్నది. విడుదలకు ముందే ఆ ఆటను ఆడిన అమెరికా పత్రిక 'గేమ్ ఇన్‌ఫార్మర్' సమీక్షకురాలికి మూర్ఛరోగమున్నది. ఆటలో ఒక సన్నివేశంలో తలకు తగిలించుకొనే పరికరము మీద దీపాలు వేగముగా మిణుకుమిణుకుమంటవి. ఆడుతూ ఉండగా ఆమెకు మూర్ఛ వచ్చినది. ఆమె వెంటనే ఏయే ఘట్టంలో, ఏ రంగు దీపాలు, ఎట్లా మెరుస్తవో వివరముగా వ్రాసి ప్రకటించినది. కొద్ది రోజులలోనే తయారుచేసినవారు ఆటలో హెచ్చరిక చేర్చినారు, ఆ దీపాల మెరుపును కూడ మార్చినారు. కొందరి మెదడులో ఒక లయతో వచ్చే మెరుపులు నాడీకణాలను ఒక్కుమ్మడిగా ఉద్రేకింపజేస్తవి. జపానులో 1997 డిసెంబరులో ఒక పోకెమాన్ బొమ్మల కార్యక్రమము చూస్తూ వందలాది పిల్లలు ఆసుపత్రుల పాలైనది ఇందువలననే. తమకు ఈ స్వభావమున్నదని మొదటి మూర్ఛ వచ్చేదాకా చాలమందికి తెలియదు. తరగతిలో అటువంటి పిల్లవాడు ఒకడైనా ఉండవచ్చును.

ఆమె వ్రాతను చదివినప్పుడు నాకు మన బేగంపేట గుర్తుకు వచ్చినది. మా తిరుమలగిరికి కొద్ది మైళ్ళ దూరంలో, రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా సూక్ష్మజీవిని చూచినాడు. ఆ దోమ జాతి పేరు ఆయనకు తెలియదు. అయినా రెక్కల మీది మచ్చలు, పడవ ఆకారపు గుడ్లు, ఏ రోజున మలేరియా రోగి రక్తము త్రాగినదీ అన్నీ వ్రాసినాడు. బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయిన ఆ వ్యాసము పేరులోనే "రెండు దోమలలో" అని ఉన్నది. ఎన్నింటిని చూచినాడో శీర్షికలోనే చెప్పినాడు! చదివినవాడు అటువంటి దోమను తన ఊరిలో వెదకి పట్టుకొని సరిచూచుకోగలడు.

మా కుర్రవానికి ఆ పని అప్పగించినాను. అదే ఆటకు తానే సమీక్ష వ్రాయవలె. మొదట ఒక్క వాక్యము తెచ్చినాడు: "వేస్ట్ గేము, ఎవరూ ఆడకండి." అతని స్నేహితుడు ఒకడు మరొక వాక్యము: "సూపర్." ఇద్దరినీ కూర్చోబెట్టి ఫోను పేరు, జ్ఞాపకశక్తి, ఆడిన సమయము, గది వేడి, తేదీ వ్రాయించినాను. చిత్రమేమనగా ఇద్దరివీ ఒకే ఫోనులు. అయినా ఒకనికి బ్యాటరీ ఇట్టే హరించుకుపోతున్నది, రెండవవానికి లేదు. రెండు రోజులు తలలు బద్దలు కొట్టుకొన్నారు. చివరకు తేలినదేమంటే, మావాడు మేడమీద ఎండపొడ తగిలేచోట కూర్చొని తెర వెలుగును పూర్తిగా పెంచి ఆడుతున్నాడు. "తెర వెలుగు ఎంత?" అనే గడి ఆ కాగితం మీద అప్పుడు చేరినది. పెళ్ళి ఫోటోలు బావగారి ఫోనులో ఉన్నవట, తెచ్చుకొన్నారు.